పట్టుబడే వంతు

మా అన్న రోజూ పొద్దున అంగడి తలుపులు తీసే ముందు లోపల గోడకు తగిలించిన అద్దం ముందర నిలబడి నోరు తెరిచేవాడు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు మూడూ ఒకదాని మీద ఒకటి నిలువుగా చేర్చి పళ్ల మధ్యకు తోసేవాడు. మూడూ పడితే ఆ రోజుకు బాగున్నట్టు. మదనపల్లెలో ఒక పళ్ల డాక్టరు నేర్పిన పరీక్ష అది. వక్కా పొగాకూ కలిపి నమిలేవాళ్ల నోరు మెల్లమెల్లగా బిగుసుకుపోతుందట. మూడు వేళ్లు పట్టే నోరు ముందు రెండు వేళ్లకు వస్తుంది, తర్వాత ఒక వేలికి వస్తుంది. ఆ మాట విని మా అన్న భయపడ్డాడు. భయపడి నమలడం మానలేదు, వేళ్లు పెట్టి చూసుకోవడం మొదలుపెట్టాడు. మన సర్కారు పొగాకును అదుపు చేసే పద్ధతి కూడా సరిగ్గా ఇదే కాబట్టి ఆయన్ని ఒక్కడినే తప్పు పట్టలేను.

అంగడి పుంగనూరు బజారులో ఉండేది. మా నాయన పెట్టినప్పుడు అందులో ఉప్పు, చింతపండు, బెల్లం అమ్మేవాళ్లు. అన్న చేతికి వచ్చేనాటికి ఆ అంగడిని నిలబెట్టింది గుమ్మానికి వేలాడే వక్కపొడి, పొగాకు పొట్లాల సరాలు. వాటికోసం వచ్చినవాడే ఉప్పూ బెల్లమూ కొనిపోతాడు. ఆ సరాలు లేకపోతే పక్కంగడికి పోతాడు, ఉప్పు కూడా అక్కడే కొంటాడు. నేను పెళ్లయి మదనపల్లెలో ఉంటున్నాను, అక్కడే ఒక సర్కారు ఆఫీసులో ఉద్యోగం. ఆదివారం వస్తే బస్సెక్కి పుంగనూరు పోవడం నాకు అలవాటు. అమ్మానాయనలు పోయాక నాకు పుట్టిల్లంటే ఆ అంగడీ, దాని వెనక రెండు గదులూ, అన్నా వదినా. వాళ్లకు పిల్లలు లేరు.

మా ఆఫీసుకు ఏటా ఒక ఉత్తర్వు వస్తుంది. గుట్కా, నమిలే పొగాకు ప్రజారోగ్యానికి హానికరం కనుక వాటి అమ్మకాన్ని ఒక సంవత్సరం పాటు నిషేధించడమైనది అని. ఒక్క సంవత్సరమే. విషమని తేల్చినదాన్ని ఏడాదికి మించి ఎందుకు నిషేధించరో ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అర్థమయ్యేది కాదు. మరుసటి ఏటికి అది బుద్ధి తెచ్చుకుని మంచిదైపోతుందని పైవాళ్లకు ఆశ కాబోలు అనుకునేదాన్ని. దాన్ని నోటీసు బోర్డుకు అంటించేది నేనే. పాతదాని మీద కొత్తది అంటించి అంటించి ఆ మూల కాగితాలు అట్టలా లావెక్కాయి. ఆ బోర్డు కింద గోడ ఎర్రగా ఉంటుంది. మా ఆఫీసులో అందరూ అక్కడే ఉమ్ముతారు.

పన్ను వేసేదీ సర్కారే, వద్దని గోడల మీద రాయించేదీ సర్కారే. కోస్తాలో పొగాకు ఆకుకు వేలం పెట్టించేదీ, ఇక్కడ బడిపిల్లల చేత ఆ ఆకుకు వ్యతిరేకంగా ర్యాలీ తీయించేదీ సర్కారే. వేర్వేరు శాఖలు చూసుకుంటాయి కాబట్టి ఇంట్లో గొడవ లేదు. పొట్లం మీద కుళ్లిన నోటి బొమ్మ వేయించి, అది చూసి కూడా కొనుక్కున్నవాడిది వాడి తలరాత అని చేతులు కడుక్కోవచ్చు.

సరుకు కర్ణాటక నుంచి వచ్చేది. మదనపల్లె మార్కెట్టు నుంచి టమాటాలు మోసుకుపోయిన లారీలు తిరిగొచ్చేటప్పుడు ఖాళీ పెట్టెల కింద కొంత తెచ్చేవి. ఎక్కువ భాగం మాత్రం కుప్పం దిక్కు నుంచే. అక్కడ సరిహద్దు దగ్గర పశువుల దాణా గోడౌను అని బోర్డున్న ఒక షెడ్డు ఉంది. దాని యజమాని ఒక నాయకుడి బావమరిది. ఆ నాయకుడికి ఏ పదవీ లేదు, ఏ ఎన్నికలోనూ నిలబడడు. ఎవరు గెలిచినా మర్నాటికి కండువా మార్చుకుని కొత్త ఫ్లెక్సీలో మొదటి వరసలో నవ్వుతూ ఉంటాడు. పదవుల్లో ఉన్నవాళ్లు మారిపోతుంటారు, ఆయన మారడు. అందుకే చిన్నాపెద్దా పనులకు జనం ఆయన దగ్గరికే పోతారు.

నిషేధం ఉన్నాక పట్టుకోవడమూ ఉండాలి. తనిఖీ అధికారి నెలకొక కేసైనా పైకి చూపించాలి. మొదట్లో ఆయన తనకు తోచిన అంగడి మీద పడేవాడు. నిన్న మామూలు ఇచ్చినవాడు ఇవాళ పట్టుబడేవాడు. పక్కంగడివాడే చెప్పి పట్టించాడని బజారులో తిట్లు, కొట్లాటలు. అప్పుడు మా అన్న ఒక ఉపాయం చెప్పాడు. చెరువు కింద మళ్లకు వంతులవారీగా నీళ్లు కట్టుకుంటారు కదా, పట్టుబడడానికి కూడా అట్లాగే వంతు పెట్టుకుందామన్నాడు. ఒక అమావాస్యనాడు అంగళ్లకు పూజ చేసి గుమ్మడికాయలు కొట్టాక అందరూ మా అంగట్లో కూర్చుని ఒప్పందానికి వచ్చారు. బజారు తూర్పు కొస నుంచి వరసగా నెలకొక అంగడి. ఎవరి వంతు వస్తే ఆయన బూజుపట్టిన పాత సరుకు ఒక మూటకట్టి ఉంచుతాడు. అధికారి ముందే ఫోన్ చేసి వస్తాడు. మూట పక్కన అంగడి యజమానిని కూర్చోబెట్టి, వెనక సిబ్బంది వరసగా నిలబడి ఫోటో దిగుతారు. జుల్మానా కట్టి ఆయన సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాడు. జుల్మానా బజారంతా పంచుకుంటుంది.

మా ఊళ్లో అంత న్యాయంగా నడిచిన పని ఇంకొకటి నేను చూడలేదు. కుళాయి నీళ్లు కూడా అంత వరసగా రావు. తనిఖీ అధికారికి ఆ ఏర్పాటు ఎంత నచ్చిందంటే, అన్న కనిపిస్తే కుర్చీలోంచి లేచేవాడు. "నీ మాదిరి మనిషి ఊరికొకరుంటే నా ఉద్యోగం పూలమీద నడిచినట్ల పోతాదప్పా," అనేవాడట. అన్న ఆ మాట నాకు చాలాసార్లు చెప్పాడు. ఆయనకు ఆ వంతు మీద గర్వం ఉండేది. అన్నిట్లోనూ ఖచ్చితం మనిషి, ఇందులోనూ అంతే.

ఆ ఎండాకాలం రెండు వేళ్లే పడుతున్నాయని వదిన ఫోన్లో చెప్పింది. మూడోది తోస్తుంటే కళ్లల్లో నీళ్లు వస్తున్నాయని, కారం తగిలితే బుగ్గ మండిపోతోందని, ముద్దలో పెరుగు కలుపుకొని మింగుతున్నాడని చెప్పింది. నేను పోయి ఆయన్ని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు టార్చి వేసి చూసి, చేతులు కడుక్కుని, బెంగుళూరు పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. బెంగుళూరులో బుగ్గలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరే. అయితే ఇప్పుడే కోసి తీసేస్తే బతుకుతాడన్నారు. ఆపరేషనుకు ఒక బేస్తవారం తేదీ ఇచ్చారు. ఆ తేదీ పోగొట్టుకుంటే మళ్లీ వరసలో కడపటికి పోతారు, గడ్డ మాత్రం మీ వరసకోసం ఆగదు అని డాక్టరు నా ముఖం చూసి మరీ చెప్పాడు.

తిరిగొచ్చే బస్సులో అన్న కిటికీ వైపు కూర్చున్నాడు. చింతామణి దాటాక నా చెయ్యి తట్టాడు.

"పాపా, ఒక సిక్కు ఉండాది," అన్నాడు. అప్పటికే మాట పళ్ల సందు నుంచి వచ్చేది.

"ఏం సిక్కునా?"

"ఈ నెల వంతు మనది."

"ఇంకొకరిని పెట్టుకోమను," అన్నాను.

"పక్కంగడాయప్ప కూతురికి ఈ నెల్లో నిశ్చితార్థం. పేపర్లో ఫోటో పడితే బాగుండదు. ఇవతలాయప్పది పోయిన్నెలే అయిపోయింది."

"నీకు ఆపరేషన్ ఉండాది కదనా."

"అది బేస్తవారం. సారు సోమారమే వచ్చిపోతానన్నాడు. రెండూ అయిపోతాయిలే. వంతు పెట్టినోణ్ణి నేనే తప్పించుకుంటే రేపు ఎవురు నిలబడతారు?"

నాకు ఒళ్లు మండింది. బుగ్గలో చావును పెట్టుకుని ఈయన మాట నిలబెట్టుకుంటానంటున్నాడు. ఆ మాట ఇచ్చింది దేవుడికా, దేశానికా? దొంగసరుకు అమ్ముకునేవాళ్లు దొంగ కేసులు పంచుకోవడానికి పెట్టుకున్న వంతు అది. ఆ మాటే పైకి అనేశాను. అన్న కోపగించుకోలేదు. "ఏదైనా మాట మాటే కదా పాపా," అన్నాడు. అన్ని వ్యవహారాల్లోనూ అబద్ధం నడిచే చోట ఒక్కదాంట్లో నిజాయితీగా ఉన్నాడు మా అన్న. ఆ ఒక్కటీ ఏరికోరి అదే అయింది.

సోమవారం అధికారి రాలేదు. ఆ రోజు కుప్పంలో పొగాకు వ్యతిరేక అవగాహన సభ పెట్టారు. చుట్టుపక్కల ఆఫీసులన్నిటి నుంచీ జనాన్ని తోలారు. కుర్చీలు నింపడానికి మా ఆఫీసు నుంచి కూడా ఒక బస్సు వేశారు, అందులో నేనూ పోయాను. అధికారి అక్కడ దొరుకుతాడన్న ఆశ ఒక్కటే నన్ను ఆ బస్సు ఎక్కించింది.

సభలో అందరికీ తెల్లటోపీలు ఇచ్చారు. ఫ్లెక్సీ కింద సౌజన్యం అని రాసిన చోట పశువుల దాణా గోడౌను పేరుంది. వేదిక మీద మన నాయకుడు నడిమి కుర్చీలో ఉన్నాడు. పొగాకు మనిషిని ఎట్లా తింటుందో చాలాసేపు చెప్పాడు. బాగానే చెప్పాడు, ఆ మనిషికి మాట ఉంది. ప్రతిజ్ఞ చేయించే ముందు ఒక నిమిషం అని సైగ చేసి, వేదిక వెనక్కి తిరిగి ఉమ్మి వచ్చి, తుండుగుడ్డతో పెదాలు తుడుచుకుని, చెయ్యి ముందుకు చాపాడు. మేమందరమూ చేతులు చాపాం. నేటి నుంచి పొగాకును ముట్టనని, ముట్టనివ్వనని వేలమంది ఒక్క గొంతుతో అన్నాం. భోజనం పొట్లంలో అన్నం, గుడ్డు, చివర వక్కపొడి పొట్లం పెట్టారు. నా పక్కన కూర్చున్నామె దాన్ని దాచుకుని, మొగుడికి ఇస్తానంది.

తనిఖీ అధికారి వేదిక వెనక నీళ్ల ట్యాంకరు దగ్గర కనిపించాడు. మంచివాడే ఆయన. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"సార్, మా అన్నకు బేస్తవారం ఆపరేషన్. ఈ నెలకు ఆయన్ని వదిలేయండి," అన్నాను.

"నాకు తెల్సునమ్మా. విన్నప్పట్నించి మనసు మనసులో లేదు. అయితే ఈసారి సభ అయినంక పెద్ద కేసు ఒకటి సూపించమంటాండారు పైనోళ్లు. మీ అన్నదే పెద్దంగడి. ఆయప్ప మొగం గౌరవంగా ఉంటాది, ఫోటోలో బాగుంటాది."

"ఆ మొగం వాచిపోయి ఉండాది సార్."

"అదే కదమ్మా. అవగాహనకు కూడా పనికొస్తాది," అన్నాడు. హేళన చేయలేదు. నిజంగానే అందులో ఒక మంచి ఉందని నాకు చెప్పబోయాడు. "బుధవారం పొద్దున వస్తా, మధ్యాన్నానికి ఇంటికి పంపిస్తా. నా మాట నమ్ము తల్లీ."

ఆ సాయంత్రం నేను పుంగనూరులో దిగి అన్న కాళ్లూ చేతులూ పట్టుకున్నంత పని చేశాను. రేపే బెంగుళూరు పోదాం, ఆసుపత్రి దగ్గర లాడ్జిలో ఉందాం అన్నాను. వదిన బట్టల సంచి సర్ది తలుపు దగ్గర పెట్టింది. అన్న ఆ సంచిని చూసి, "బుధవారం మధ్యాన్నం బండికి పోదాం," అన్నాడు. ఆ సంచి అక్కడే ఉండిపోయింది.

బుధవారం అధికారి చెప్పిన వేళకే వచ్చాడు. ఆయన వెనక జీపులో ఇంకెవరెవరో దిగారు, పేపరువాళ్లు దిగారు, పోలీసులు దిగారు. ఎప్పటిలా మూటతో సరిపెట్టలేదు. వెనక గదులు తెరిపించి, వదిన పప్పుడబ్బాల వెనక ఉన్న సరుకు పెట్టెలు కూడా బయటికి లాగారు. అన్న తుండుగుడ్డ బుగ్గకు చుట్టుకుని మూట పక్కన కూర్చున్నాడు. ఫోటోకు అడ్డమని ఆ గుడ్డ తీయమన్నారు. తీశాడు. మర్నాడు పేపర్లో గుట్కా ముఠా సూత్రధారి అని ఆ బొమ్మ వచ్చింది. వెనక వరసలో మా తనిఖీ అధికారి ముఖం చిన్నబుచ్చుకుని ఉంది. ఆయన కూడా అనుకోలేదట ఇట్లా అవుతుందని. పైనుంచి వచ్చినవాళ్లు ఎక్కువ చేశారట.

జుల్మానాతో పోలేదు. కేసు పెట్టారు. బేస్తవారం బెంగుళూరులో అన్న పేరు పిలిచిన పొద్దుకు ఆయన కోర్టు వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. సాయంత్రానికి జామీను వచ్చింది. విచారణ అయ్యేదాకా ఊరు దాటకూడదు, వారానికోసారి స్టేషనుకు పోయి సంతకం పెట్టాలి అన్న షరతు కూడా దాంతోపాటే వచ్చింది. ఆసుపత్రి కాగితాలు చూపించి వకీలు అడిగాడు. అవతలివాళ్లు వాటిని పరిశీలించడానికి గడువు కావాలన్నారు. వాయిదా పడింది. పడిన చోటే మళ్లీ పడింది.

బజారువాళ్లు తలలు దించుకుని వచ్చి మా ఇంట్లో కూర్చునేవాళ్లు. ఒకపూట అంగళ్లన్నీ మూసి సానుభూతి కూడా చూపించారు. మరుపూట తెరిచారు. నాయకుడు ఒక్క మాట చెబితే షరతు తీయిస్తారని అందరూ అన్నారు. నేనూ వదినా కుప్పం పోయాం.

ఆయన మమ్మల్ని లోపల కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. అంతా విని, "అయ్యయ్యో, ఆ పెద్దాయప్పకా," అని రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. తర్వాత చేతులు దించి చెప్పాడు. "నేను ఫోన్ కొడితే నిముసం పనమ్మా. కానీ మొన్ననే వేలమంది ముందర మైకులో ప్రమాణం సేయించినోణ్ణి. ఈ రోజు గుట్కా కేసులో మాట సాయం సేస్తే జనం ఏమనుకుంటారు? నాకూ ఒక నీతి ఉండాది కదా. సట్టం పని సట్టాన్ని సేసుకోనీండి."

వదిన కాఫీ ముట్టలేదు. "ఆ సరుకు మీ బావమరిది గోడౌన్లోదే కద సార్," అంది.

"అది దాణా గోడౌనమ్మా," అన్నాడు ఆయన నవ్వుతూ.

"మా ఇంట్లో ఆవులు లేవు సార్. ఆ మూటలు మాకెందుకొచ్చినాయి?"

ఆయన నవ్వు ఆపకుండానే లేచి నిలబడ్డాడు. ఇంక పోవచ్చని అర్థం. బయట వాకిట్లో ఆ ప్రతిజ్ఞ ఫ్లెక్సీనే మడిచి ఎండకు అడ్డంగా కారుమీద కప్పారు.

ఆ షరతు తీసేలోపల మదనపల్లెలో టమాటా ధర నేలకు పడి, రైతులు రోడ్డు మీద పారబోసి, మళ్లీ ధర లేచింది. అప్పుడు పోయాం బెంగుళూరు. ఆ డాక్టరే చూశాడు. తన వేలు అన్న పళ్ల మధ్య పెట్టబోయాడు. ఒక్క వేలు కూడా పట్టలేదు. చెవి కింద, మెడలో తడిమి చూసి, ఇంక కోసి లాభం లేదన్నాడు. ఇన్నాళ్లు ఏం చేశారని అడిగాడు. అన్న నా వైపు చూశాడు. "ఊళ్లో పని పడింది సార్," అన్నాను. ప్రాణం కంటే పెద్ద పనా అని డాక్టరు నా మీద అరిచాడు. అరవనీ అనుకున్నాను. ఎవరో ఒకరు అరవాలి కదా ఈ సంగతి మీద, ఊళ్లో ఎవరూ అరవలేదు.

ఆ తర్వాత అన్న తిండి రాగిగంజి. వదిన దాన్ని పల్చగా కాచి, పాత తెల్లపంచె గుడ్డలో వడగట్టి గ్లాసులో పోసి ఇచ్చేది. స్ట్రా పెట్టుకుని పీల్చేవాడు. సగం గడ్డం మీదుగా కారిపోయేది. అయినా పొద్దున్నే పోయి అంగట్లో కూర్చునేవాడు. గుమ్మానికి పొట్లాల సరాలు వేలాడుతూనే ఉన్నాయి. ఒక ఆదివారం నాకు పట్టరాని కోపమొచ్చి వాటిని తెంపబోయాను. అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"తీసేస్తే అంగడి నడవదు పాపా," అన్నాడు పళ్ల సందునుంచి. "నేను పోతే మీ వొదినకు ఇంకేముండాది?"

కొనడానికి వచ్చినవాళ్లలో కొందరు ఆయన్ని చూసి తల తిప్పుకునేవాళ్లు. ఒకాయన పొట్లం మీది బొమ్మనూ అన్న ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. చూసి, చిల్లర తక్కువ ఇచ్చారని గొడవ పెట్టుకుని పోయాడు. పొద్దునపూట మాత్రం అన్న అద్దం ముందు నిలబడడం మానలేదు. చిటికెన వేలు చాపి పెదాల దగ్గర పెట్టుకుని కాసేపు అట్లాగే ఉండేవాడు. వదిన ఆ వేళకు కావాలనే పెరట్లోకి పోయేది.

కార్తీకంలో ఒక పొద్దున పోయాడు. నాకు ఫోన్ వచ్చేసరికి ఆఫీసుకు బయలుదేరుతున్నాను. ఆ వారమే కొత్త ఉత్తర్వు వచ్చి నా బల్లమీద ఉంది. ఇంకో సంవత్సరం పాటు నిషేధించడమైనది. నేను లేనప్పుడు ఎవరో దాన్ని తలకిందులుగా అంటించారు, అట్లాగే ఉంది.

మా వైపు దినం నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఫోటో ముందు ఆకులో పెడతారు. పూజ అయ్యాక వాటిని అందరూ తలా కొంచెం తీసుకుంటారు. వదిన అంగట్లోనే ఫోటో పెట్టి, దాని ముందు సంగటి ముద్ద, వంకాయ కూర, వడలు, పాయసం పెట్టింది. మా మేనమామ ముసలాయన, పాత ఆచారం మనిషి. గుమ్మం దగ్గరికి పోయి సరాల నుంచి రెండు రకాల పొట్లాలూ తెంపుకొచ్చి ఆకు కొసన పెట్టాడు. "వాడికి ఇయ్యి లేకుండా పొద్దు పోయేది కాదు కదా," అన్నాడు. వదిన వాటిని చూసింది. తీయలేదు. లోపలికి పోయి గంజి గ్లాసు తెచ్చి, స్ట్రా వేసి, ఆ పొట్లాల పక్కన పెట్టింది. ఫోటోలో అన్న పాత ముఖంతో, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు.

బజారువాళ్లందరూ వచ్చారు. భోజనాలకు ముందు వాళ్లలో పెద్దాయన వదిన దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని చాలా మర్యాదగా చెప్పాడు.

"అమ్మా, మేమందరూ కూసోని మాట్లాడుకున్న్యాం. ఈసారి సుట్టు తిరిగొచ్చినా మీ అంగడికి వంతు ఉండదు. మీ పేరు ఇడిసిపెట్టి పక్కంగడికి పోతాది. ఆయప్ప మాకోసరం అంత సేసినాడు, మేము ఈ మాత్రమన్నా సేయాల కదా."

వదిన ఆయన వైపు చూస్తూ ఉండిపోయింది. ఆయన దాన్ని కృతజ్ఞత అనుకుని కళ్లు తుడుచుకున్నాడు. నాకు అక్కడి నుంచి లేచి పోవాలనిపించింది. ఆకులు వేశారని పిలిస్తే పోయి కూర్చున్నాను.

తనిఖీ అధికారి పంక్తి చివర్లో వచ్చి తిన్నాడు. చేతులు కడుక్కుని అంగట్లోకి వచ్చి, ఫోటో ముందు కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు నేను చూశాను, దొంగనీళ్లు కావవి. తర్వాత ఆకు కొసన ఉన్న పొట్లాలు రెండూ తీసుకున్నాడు. పోయినాయన ప్రసాదం అన్నట్టు కళ్లకద్దుకున్నాడు. పంటితో మూలలు చింపి, రెండూ అరచేతిలో పోసుకుని, బొటనవేలితో నలిపి, తల వెనక్కి వాల్చి నోట్లో వేసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఎవరూ అది వింతగా చూడలేదు. తిన్నాక అందరూ చేసే పనే అది.

వదిన గోడవారగా నిలబడి ఉంది.

"అప్పా," అని పిలిచింది. అంతకు ముందు ఎప్పుడూ ఆయన్ని సార్ అనే పిలిచేది.

"సెప్పమ్మా."

"ఒకసారి నోరు తెరిసి మూడు వేళ్లు నిలువుగా పెట్టి సూడు."

ఆయన నా వైపు చూశాడు. దుఃఖంలో ఉన్న మనిషి ఏదో అంటోంది, కాదనకూడదు అనుకున్నట్టున్నాడు. నోట్లోదాన్ని ఒక బుగ్గకు తోసుకుని, చిన్నగా నవ్వుతూ, అన్న నిలబడే అద్దం ముందుకు పోయి నిలబడ్డాడు. వేళ్లు చేర్చి పళ్ల మధ్య పెట్టాడు. రెండు పోయాయి. మూడోది పంటికి తగిలి ఆగింది.

"రెండు పడతాండాయమ్మా," అన్నాడు.

"మా ఆయప్పకు కూడా ఆ ఎండాకాలం రెండే పడినాయి," అంది వదిన.

ఆయన నవ్వు ఆగిపోయింది. మళ్లీ అద్దం వైపు తిరిగి, నోరు ఇంకా పెద్దది చేసుకుని, మూడో వేలు తోయసాగాడు.